సుడుల జాడ

విశాఖపట్నం శివార్లలో, కొండకీ సముద్రానికీ మధ్య ఉన్న ఒక ప్రయోగశాలలో సువర్చల పదకొండేళ్లుగా ఒకే పని మీద ఉంది. కరెంటును రవ్వంత కూడా నష్టపోకుండా మోసే తీగ చేయాలి. ఆ తీగతో చుట్టిన అయస్కాంతం ఉంటే ఎమ్మారై యంత్రానికి ఖరీదైన హీలియం అక్కర్లేదు. పశువుల ఆసుపత్రుల్లో కూడా దొరికే ద్రవ నైట్రోజన్ చాలు. అప్పుడు ఏజెన్సీ కొండల మీది చిన్న ఆసుపత్రిలోనూ ఆ యంత్రాన్ని పెట్టొచ్చు. తలకి దెబ్బ తగిలిన మనిషిని స్కానింగు కోసం ఘాట్ రోడ్డు దింపి విశాఖ దాకా తీసుకురానక్కర్లేదు.

తీగ అంటే నిజానికి తీగ కాదు, గోరంత వెడల్పు లోహపు రిబ్బను. దాని మీద వెంట్రుక కంటే పలచగా ఒక నల్లటి పూత. చల్లారితే ఆ పూత అతివాహకం అవుతుంది, అంటే కరెంటుకు అడ్డన్నదే ఉండదు. కానీ దానికో జబ్బు ఉంది. అయస్కాంతబలం పెరిగేకొద్దీ పూతలోకి కంటికి ఆనని సుడులు వేలకొద్దీ దూరతాయి. ఎక్కడివక్కడ నిలబడితే బాధ లేదు. ఒక్కటి జారిందంటే అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి పక్కది జారుతుంది. అలా రెప్పపాటులో మొత్తం రిబ్బను మామూలు లోహమైపోయి పొయ్యిలా కాలుతుంది.

ఆ సుడుల్ని ఫొటో తీసే పరికరాలు ఇంతకుముందూ ఉన్నాయి. చిన్న వజ్రపు ముక్క మీద ఆకుపచ్చ లేజరు వేస్తే అది ఎర్రగా మెరుస్తుంది. కింద సుడి ఉన్నచోట ఆ ఎరుపు మసకబారుతుంది. సువర్చల కనిపెట్టింది వేరు. జారిన సుడి తను నడిచిన దారిలో అణువుల అమరికను కాస్త చెదరగొడుతుందనీ, బురదచేలో బండి చక్రాలు వేసిన గాడిలా ఆ జాడ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుందనీ ఆమె గమనించింది. ఒక గాడిని మరొకటి దాటినచోట ఏది ముందో, ఏది వెనకో కూడా చెప్పొచ్చు. మూడేళ్లు కష్టపడి ఆ జాడల్ని చదివే కెమెరా తయారుచేసింది. ఒక రిబ్బను పుట్టింది మొదలు దాని మీద ఏమేం జరిగిందో ఆ కెమెరా వరసగా చెప్పగలదు.

చెప్పగలదో లేదో పరీక్షించాలంటే బాగా దెబ్బతిన్న పాత రిబ్బను ఒకటి కావాలి. ఆ మాట అన్న గంటకే నీళ్ల పంపులు చూసే గొర్లె సన్యాసినాయుడు ఒక చెక్కపెట్టె మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"పాత సుట్టమ్మా. స్టోరులో మూలనున్నాది. దీనికంటే దెబ్బ తిన్నది మన కాడ ఏటున్నాది?" అన్నాడు.

సువర్చల పెట్టె వంక చూసి, అతని ఎడమచేతి వంక చూసింది. ఆ చేతికి చివరి రెండు వేళ్లు లేవు.

తొమ్మిదేళ్ల కిందట ఆ రిబ్బను చుట్టను పరీక్షిస్తున్న రోజు ఆమె ఇక్కడ పరిశోధక విద్యార్థిని. నాయుడు శీతల విభాగంలో సీనియరు టెక్నీషియన్. ద్రవ నైట్రోజన్ వాల్వు తిప్పింది అతనే. కరెంటు పెంచుతుండగా చుట్ట ఒక్కసారిగా వేడెక్కింది, తొట్టిలోని నైట్రోజన్ అంతా ఉడికి ఆవిరై మూతను ఎగరగొట్టింది. గది నిండా తెల్లటి పొగ. పీల్చడానికి గాలి లేక సువర్చల పడిపోయింది. ఆమె కాళ్ల మీద మూత పడింది. అందరూ బయటికి పరిగెత్తితే నాయుడు లోపలికొచ్చాడు. మంచుకంటే చల్లగా ఉన్న ఆ ఇనపమూతను ఒట్టి చేత్తో పట్టుకుని లేపి, ఆమెను ఈడ్చుకుంటూ బయటపడ్డాడు. వేళ్లు రెండు చచ్చుబడిపోతే ఆసుపత్రిలో తీసేశారు.

విచారణ జరిగింది. వాల్వును ఒక్కసారిగా తిప్పడం వల్ల చలికి రిబ్బను అదిరి పగిలిందని తేల్చారు. నాయుడు ఎదురుచెప్పలేదు. "నానే బేగి తిప్పీసినానేమో" అన్నాడు. ప్రమోషను ఆగిపోయింది. అతన్ని శీతల విభాగం నుంచి నీళ్ల పంపుల దగ్గరికి మార్చారు. సువర్చల మాత్రం ఏటా ఆ తారీఖున అతనింటికి పళ్లు తీసుకెళ్లి, భార్యాభర్తలిద్దరికీ నమస్కారం పెట్టి వచ్చేది. తను బతికి ఉండటమే ఆయన పెట్టిన భిక్ష అని ఎవరడిగినా చెప్పేది.

చుట్ట విప్పి రిబ్బను మొత్తం కెమెరా కింద నడపడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు ఉదయం తెర మీద బొమ్మ పూర్తయింది. నిజంగా చలిదెబ్బకే పగిలి ఉంటే మొదటి జాడలు రిబ్బను అంచున, ద్రవం ముందుగా తగిలిన చోట ఉండాలి. అంచు శుభ్రంగా ఉంది. జాడలన్నీ లోపల, నలభై మూడో మీటరు దగ్గర ఒక చిన్న మచ్చ చుట్టూ మొదలయ్యాయి. ప్రమాదానికి ముందు చేసిన చిన్న చిన్న పరీక్షల్లో కూడా సుడులు అక్కడే కొద్దికొద్దిగా జారాయి. ఆ మచ్చలో పూతకు ఆక్సిజన్ చాలలేదు. అసలు లోపం పూతలోనే ఉంది. వాల్వుకూ దానికీ సంబంధం లేదు.

సువర్చలకు ముందు సంతోషం వేసింది, నాయుడు తప్పు చేయలేదని. లేచి పంపుల గదికి పరిగెత్తబోయింది. అంతలో చుట్ట చుట్టిన చెక్క మీద అంటించిన చీటీ కనిపించింది. పదిహేడో నంబరు రిబ్బను. ఆ అంకెలు ఆమె చేతిరాతే.

ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుండిపోయింది.

పదిహేడో నంబరు బాగా గుర్తుంది. పూత వేశాక రిబ్బనును ఆక్సిజన్ పారే ఫర్నేసులో ఎనిమిది గంటలు ఉంచాలి. ఆ మధ్యాహ్నం అయిదు గంటలు నిండగానే కరెంటు పోయింది. ఫర్నేసు చల్లారిపోయింది. మళ్లీ మొదటి నుంచి చేద్దామంటే ఫర్నేసు మర్నాటి నుంచి ఇంకొకరి వంతు, మళ్లీ తన వంతు రావడానికి నెల. పైకి చూస్తే రిబ్బను నిగనిగలాడుతోంది. రికార్డు పుస్తకంలో "ఎనిమిది గంటలు" అని రాసి కింద సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె భర్త శ్రీహరి బీరకాయలు చెక్కుతున్నాడు. అతను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. కుక్కరు రెండు కూతలు వేసేలోపు ఆమె మొత్తం చెప్పేసింది. అతను చాకు పక్కన పెట్టి విన్నాడు.

"ఇది నాకెందుకు చెబుతున్నావు?" అన్నాడు చివరికి.

"ఇంకెవరికి చెప్పను?"

"నాకు చెప్పి బరువు దించుకుంటే రేపటికి కాస్త తేలిగ్గా ఉంటుంది. ఎల్లుండికి ఇంకా తేలిగ్గా ఉంటుంది. ఆయన దగ్గరికి వెళ్లడం అలా అలా వాయిదా పడిపోతుంది. నాకు చెప్పడం వల్ల ఆయనకేం లాభం, సువర్చలా?"

ఆమెకు కోపం వచ్చింది. అతను అన్నది నిజం కాబట్టే వచ్చింది. భోజనం చేయకుండా లేచిపోయింది. కానీ ఆదివారం పొద్దున్నే, పెదగంట్యాడ దాటి నాయుడి ఊరికి బయల్దేరింది. ఈసారి పళ్లు తీసుకెళ్లలేదు.

నాయుడు పెరట్లో దొండపందిరికి తాళ్లు కడుతున్నాడు. భార్య పైడమ్మ అరుగు మీద మినప్పప్పు చెరుగుతోంది.

"ఏటమ్మా, ఇలగొచ్చీసినారు? కబురెడితే నానే వొద్దును గదా. పైడీ, కుర్చీ ఎయ్యి."

"కూర్చోను నాయుడుగారూ. ముందు ఒక మాట చెప్పాలి. అది విన్నాక మీరు కూర్చోమంటే కూర్చుంటాను."

నిలబడే చెప్పింది. కెమెరా సంగతి, మచ్చ సంగతి, కరెంటు పోయిన మధ్యాహ్నం సంగతి, తను రాసిన అబద్ధం. ఎక్కడా తడబడకూడదని దారంతా అనుకుంటూ వచ్చింది గానీ, చివరి మాటను రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

నాయుడు తాడు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పైడమ్మ చేట కింద పెట్టి లేచింది.

"అయితే మా ఆయన సెయ్యలేదా ఆ పని?"

"లేదమ్మా. ఆయన తప్పేం లేదు."

"తొమ్మిదేళ్లమ్మా! మా మరిదే ఓ పెళ్లింట్లో నలుగురి ముందర 'నువ్వు మనుసుల్ని సంపీసేవోడివి గదా' అంటే ఈయన తలొంచుకుని ఇస్తరి ముందు నుంచి లేసొచ్చీసినాడు. నువ్వేమో ఏటేటా పళ్లట్టుకొచ్చి దణ్ణమెడతావు. దేవతలాటి పిల్లని నాను వీదంతా సెప్పుకున్నాను."

సువర్చల తల దించుకోలేదు. దించుకుంటే అది తప్పించుకోవడమే అవుతుందనిపించింది.

"మీకు మొన్నటిదాకా తెల్దు గదమ్మా?" అన్నాడు నాయుడు నెమ్మదిగా.

"మచ్చ అక్కడుందని తెలియదు. కానీ అబద్ధం రాశానని తెలుసు. దానివల్లేనేమో అని ఒకటి రెండుసార్లు అనుమానం కూడా వచ్చింది. వచ్చినప్పుడల్లా వేరే పనిలో పడిపోయాను."

వీధిలో చేపల బండి కేకేసుకుంటూ వెళ్లిపోయింది. నాయుడు తాడు ముడి పూర్తిచేసి, చేతులు తుడుచుకుని అడిగాడు.

"ఆ బొమ్మ నాను సూడొచ్చేటి?"

మర్నాడు ఉదయం అతను ఉతికిన చొక్కా వేసుకుని కెమెరా గదికి వచ్చాడు. సువర్చల తెర మీద బొమ్మను పెద్దది చేసి చూపించింది. నల్లటి నేల మీద ఎర్రటి గీతలు వందలు వందలుగా ఒకే చోటు నుంచి చెదిరి పారుతున్నాయి.

"ఇక్కడేనా మొదలు?"

"ఇక్కడే. ఈ గీత అన్నిటికంటే పాతది. మిగతావన్నీ దీని మీంచి వెళ్లాయి, చూడండి."

"మరి నాను వాలువు తిప్పితే నైట్రోజను తగిలిందెక్కడ?"

ఆమె బొమ్మను అంచుకు జరిపింది. అక్కడ ఒక్క గీత కూడా లేదు. నాయుడు వంగి, ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా వెళ్లి చూశాడు. తర్వాత తన కుడిచేతిని పైకెత్తి, అరచెయ్యి తిప్పి, మళ్లీ తిప్పి చూసుకున్నాడు. వేళ్లు పోయిన ఎడమ చెయ్యి కాదు, వాల్వు తిప్పిన చెయ్యి.

"ఈ సెయ్యిని నాను నమ్మడం మానీసినానమ్మా. ఇంట్లో గేసు తిప్పాలన్నా మా ఆడది పక్కనుండాల. మనవరాల్ని ఎత్తుకోవాలన్నా బయమే, జార్చీస్తానేమోనని." అతను రెండు చేతులూ జోడించాడు. "మీకు దణ్ణమమ్మా."

"నాకెందుకండీ దణ్ణం! మీ తొమ్మిదేళ్లు పాడుచేసింది నేను."

"పాడుసేసినారు. కోపం లేదా అంటే ఉన్నాది. అది ఉంటాది. గానీ ఈ బొమ్మ మీరొక్కరే సూసినారు. తుడిపీస్తే ఎవులికి తెలుస్తాది? తుడపలేదు. దానికీ దణ్ణం. అదీ ఉంటాది, ఇదీ ఉంటాది."

సంస్థ డైరెక్టరు రంగనాయకులు మంచివాడే, కాని ఆ రోజు సువర్చల చెప్పింది విన్నాక ఆయన ముఖం పాలిపోయింది. మూడు వారాల్లో ఆసుపత్రి యంత్రాన్ని ఆమోదించే కమిటీ వస్తోంది.

"ఇప్పుడా ఇది?" అన్నాడు. "కమిటీ వెళ్లాక చెప్పకూడదా? నాయుడికి ఆర్నెల్లలో రిటైర్మెంటు. అప్పటికి ఏదో ఒకటి చేద్దాం."

"ఆర్నెల్లు కూడా ఆయనవే సార్. ఇంకో సంగతి ఉంది. మన లెక్కలు తొమ్మిదేళ్లుగా ఎందుకు కుదరడం లేదో ఇప్పుడు తెలిసింది."

అది అసలు విషయం. ఎనిమిది గంటలు ఉంచిన రిబ్బన్లలో పదిహేడో నంబరు ఒక్కటే ఘోరంగా విఫలమైంది. వాల్వు కాస్త వేగంగా తిప్పితేనే పగిలే పూత పెళుసుదనీ, ఎనిమిది గంటల పద్ధతినే నమ్మడానికి లేదనీ అందరూ నిర్ణయించుకున్నారు. దాన్ని వదిలేసి, పూతలో ఏవేవో కలుపుతూ, పొర మీద పొర వేస్తూ తొమ్మిదేళ్లు పక్కదారి పట్టారు. పెట్టిన ప్రతి పొరా కొత్త తంటా తెచ్చింది. ఒక్క అంకె సరిచేసి, ఎనిమిది కొట్టేసి అయిదు రాయగానే గ్రాఫులో చుక్కలన్నీ గీత మీదికి వచ్చి కూర్చున్నాయి. ఆక్సిజన్ ఎన్ని గంటలుంటే సుడులు ఎంత గట్టిగా నిలబడతాయో ఆ గీతే చెబుతోంది. పది గంటలు ఉంచి, నిదానంగా చల్లారిస్తే చాలు. మరే పొరలూ అక్కర్లేదు.

రంగనాయకులు ఆమె ఇచ్చిన గ్రాఫు కాగితాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు. "నిన్ను ప్రాజెక్టు నుంచి తప్పించక తప్పదమ్మా" అన్నాడు.

"తెలుసు సార్."

తప్పించారు. ఆ పాత రిబ్బను మీద ఆమె ప్రచురించిన పరిశోధన పత్రాన్ని ఆమె చేతే వెనక్కి తీయించారు. మూడేళ్ల దాకా ఏ పనికీ నాయకత్వం వహించకూడదన్నారు. ప్రాజెక్టూ, ఆమె గదీ ఆమె కంటే పదేళ్లు చిన్నదైన జాహ్నవి అనే పరిశోధకురాలికి వెళ్లాయి. క్యాంటీనులో కొందరు ఆమె వస్తే మాట ఆపేసేవారు. కెమెరా నడపడం ఇంకెవరికీ రాదు గనుక ఆ పని మాత్రం ఉంచారు. బల్ల మారింది, జీతం తగ్గింది. అయినా పొద్దున్నే లేచి పనికి వెళ్లాలనిపించడం ఆమెకే ఆశ్చర్యం కలిగించింది.

నాయుణ్ణి శీతల విభాగానికి తిరిగి పిలిచారు. మొదటి రోజు అతను గది గుమ్మం దగ్గరే కాసేపు నిలబడ్డాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికెళ్లి, తొట్టి మూత మీది దుమ్ము పంచె కొంగుతో తుడిచాడు.

కమిటీ రావడం నాలుగు నెలలు వాయిదా పడింది. ఆ నాలుగు నెలల్లో జాహ్నవి ఒకదాని తర్వాత ఒకటిగా కొత్త రిబ్బన్లు చేసింది. సువర్చల ప్రతి మీటరునూ కెమెరా కింద పెట్టి చూసింది. ఒకచోట ఆక్సిజన్ పలచబడిందని ఆమె చెబితే ఫర్నేసులో గొట్టం జరిపారు. ఇంకోచోట సుడి కాస్త వణికిందంటే చల్లార్చే వేగం తగ్గించారు. కొత్తవాటిలో పదకొండో రిబ్బనుకి ఎక్కడా మచ్చ మిగల్లేదు.

పరీక్ష రోజున కమిటీ సభ్యులు అద్దం వెనక కూర్చున్నారు. నాయుడు వాల్వు దగ్గర నిలబడ్డాడు. చెయ్యి వేసేముందు ఒక్కసారి సువర్చల వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను తిప్పాడు. నైట్రోజన్ బుసకొడుతూ తొట్టిలోకి దిగింది. జాహ్నవి కరెంటు పెంచుతూ పోయింది. పాత చుట్ట వేడెక్కిన అంకె వచ్చింది, దాటింది. దానికి రెట్టింపు వచ్చింది. కెమెరా తెర మీద సుడులు చుక్కలు చుక్కలుగా, నాటిన నారులా ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

"ఇంకా తిప్పమంటారేటి?" అని నాయుడు కేకేశాడు. గదిలో అందరూ నవ్వారు, సువర్చల కళ్లు తుడుచుకుంది.

యంత్రం ఏజెన్సీ ఆసుపత్రికి వెళ్లింది. రెండో వారంలోనే, చెట్టు మీంచి పడ్డ ఒక కల్లుగీత మనిషి తలలో రక్తం గడ్డకట్టిందని ఆ యంత్రం చూపించిందనీ, అక్కడే ఆపరేషను చేసి బతికించారనీ డాక్టరు ఫోను చేసి చెప్పింది. జాహ్నవి ఫోనును స్పీకరులో పెట్టి, సువర్చలను కూడా పిలిచి వినిపించింది. పిలవాల్సిన అవసరం ఆ పిల్లకు లేదు. ఆ రోజు సువర్చల ఆమెకు చెప్పిన థాంక్స్ పైకి ఒక్క మాటే.

నాయుడి రిటైర్మెంటుకు పది రోజుల ముందు సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. రావాల్సిన ప్రమోషను వెనకటి తేదీ నుంచి ఇచ్చారు. పాత విచారణ ఫలితాన్ని రద్దు చేశారు. కానీ ఉత్తరం ఇంగ్లీషులో, ఆఫీసు భాషలో ఉంది. చదివిపెట్టమని పైడమ్మే ఫోను చేసింది. ఆ ఆదివారం నాటి తర్వాత ఆమె సువర్చలతో మాట్లాడటం అదే మొదలు.

వెళ్లేసరికి అరుగు నిండా జనం. ఇరుగుపొరుగువాళ్లు, బంధువులు, పెళ్లింట్లో ఆ మాటన్న మరిది కూడా ఉన్నాడు. నాయుడు సిగ్గుతో దొండపందిరి కింద నక్కాడు. పైడమ్మ ఈసారి అడగకుండానే కుర్చీ వేసింది.

సువర్చల ఉత్తరం విప్పి, ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులో చెబుతూ చదివింది. శ్రీ గొర్లె సన్యాసినాయుడు గారి వల్ల ఏ పొరపాటూ జరగలేదని తేలింది. ప్రాణాలకు తెగించి సహోద్యోగిని కాపాడిన ఆయనకు సంస్థ కృతజ్ఞతలు తెలుపుకుంటోంది. తొమ్మిదేళ్లుగా ఆయనకు జరిగిన అన్యాయానికి క్షమాపణ కోరుతోంది. మరిది నేల చూపులు చూశాడు. ముసలామె ఒకావిడ "సూసినావేటి, నాను సెప్పనేదా" అంది ఎవరితోనో.

తర్వాతి పంక్తి దగ్గర సువర్చల ఆగింది. ప్రమాదానికి కారణం ఏమిటో, ఎవరో అక్కడ ఉంది.

ఆమె ముఖం చూసి పైడమ్మ గ్రహించింది. దగ్గరికొచ్చి, ఆమె భుజం మీద చెయ్యేసి, ఆమెకు మాత్రమే వినబడేలా అంది: "నీ పేరేనా? ఆ ముక్క ఒగ్గీమ్మా. ఈళ్లకెందుకు?"

"వద్దమ్మా, ఉండనీండి" అంది సువర్చల. గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా, తన పేరు ఇంటిపేరుతో సహా చదివింది. తను ఏం రాసిందో, ఎందుకు రాసిందో కూడా చదివింది.

దొండపందిరి కింద నుంచి నాయుడు వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు.

పైడమ్మ లోపలికెళ్లి, గ్లాసుతో మజ్జిగ తెచ్చి సువర్చల చేతిలో పెట్టింది. తాగేదాకా నిలబడింది. ఖాళీ గ్లాసు అందుకుని, తను కూడా అరుగు మీద అందరితో పాటు చతికిలబడి కూర్చుంది.

"మొదటి నుంచీ ఇంకోపాలి సదువమ్మా" అంది. "మా ఆయన పేరున్న కాడ నిమ్మలంగా సదువు."

సువర్చల కాగితాన్ని సర్దుకుని, మొదటి పంక్తి నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టింది.